బళ్ళారి నాటకాల పాటలు – పోయిన వరుసలు

నాటకం పుస్తకం చేతికొస్తే నాటకం చేతికొచ్చినట్టేనని తెలుగు అధ్యాపకుల్లో చాలామందికి నమ్మకం. నాకూ ఉండేది. కథ ఉంది, పాత్రలున్నాయి, పద్యాలకు ఛందస్సుంది, పాటల నెత్తిన రాగం పేరూ తాళం పేరూ ఉన్నాయి, ఇంకేం కావాలి? ఎమ్మే పరీక్షకు ఇంతకు మించి అక్కర్లేదు కూడా. ఆదోనిలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఈ నమ్మకాన్ని పోగొట్టింది ఒక బి.ఎ. విద్యార్థిని. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ నుంచి రెండు రంగాలు కళాశాల వార్షికోత్సవంలో ఆడిద్దామనుకున్నాం. చిత్రాంగి వేషం వెయ్యవలసిన అమ్మాయి పుస్తకం తెరిచి, “సార్, ఈ పాట ఎట్ల పాడాల?” అని అడిగింది. పైన రాగం పేరు వేశారు గదా అన్నాను. “రాగముంది సార్, పాట యాడుంది?” అంది.

యతి ఎక్కడ పడిందో, ప్రాస ఎట్లా కుదిరిందో నేను గంటసేపు చెప్పగలను. పాట మాత్రం పాడి చూపలేను. ఎట్లా పాడేవారో కూడా చెప్పలేను. రాగం వేరు, వరుస వేరు. ఒక్క కాపీ రాగంలో వందల పాటలుంటాయి. రాగం పేరు చెప్పి పాట పాడమనడం ఊరి పేరు చెప్పి ఇల్లు వెతుక్కోమనడం లాంటిది. ఆనాటి నాటక పుస్తకాల్లో ఇంకో అలవాటుంది. కొన్ని పాటల పైన మరో పాట మొదటి మాటలు వేసి ‘అను మట్టు’ అని రాస్తారు. అప్పటి పాఠకుడికి అది చాలు. ఆ రెండో పాట అతని నాలుక మీద ఉండేది. ఇవాళ ఆ రెండో పాటా పోయింది. పోయిన దాన్ని చూపించి పోయినదాన్ని వెతుక్కోమంటున్నది పుస్తకం.

మొదట ఈ పాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. 1871లో మద్రాసు రైలు రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. ఆ దారి ఆదోని మీదుగానే పోతుంది. పత్తి మూటలు పోయిన రైల్లోనే నాటకాల వాళ్ళు వచ్చారు. 1880లో అన్నాసాహెబ్ కిర్లోస్కర్ పుణెలో ‘శాకుంతల్’ను సంగీత నాటకంగా ఆడాడు. ఆ దశకంలోనే ధార్వాడ నాటక సమాజం తెలుగు జిల్లాల్లో తిరిగింది. పార్శీ కంపెనీల హిందూస్తానీ పాటలు కూడా ఈ దారినే వచ్చాయి. బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం (1853–1912) వీటన్నిటినీ విన్న మనిషి. తెలుగులో తన సొంత నాటకం రాసి, సరసవినోదినీ సభ పెట్టి, తానే వేషం కట్టి, నాటకంలో పాటను ప్రధానం చేశాడు. ‘చిత్రనళీయం’ మొదలు ఆయన నాటకాల్లో సంగీతం ఉప్పులా కాక అన్నంలా ఉంటుంది. 1891లో ఆ సభ మద్రాసు వెళ్ళి ఆడింది. అది చూసిన పమ్మల్ సంబంధ మొదలియారు అదే సంవత్సరం సుగుణ విలాస సభ స్థాపించాడు. తమిళ ఔత్సాహిక నాటకరంగం బళ్ళారి తెలుగు నాటకం చూసి మేలుకున్నదంటే, ఆ పాటల బలం చిన్నది కాదు.

అంత బలమైన పాటల గురించి మన సాహిత్య చరిత్రలు ఏం చెబుతున్నాయి? ‘పాటలు ప్రవేశపెట్టెను’ అని ఒక వాక్యం. ఆ పైన పద్యాల శైలి, పాత్ర పోషణ, సంస్కృత నాటక మర్యాదల ఉల్లంఘన. నాటకానికి విషాదాంతం కూడదన్న పాత నియమాన్ని దాటినందుకు ‘విషాద సారంగధర’ గురించి మనవాళ్ళు పుటలు నింపారు; నింపవలసిందే. అయితే ఆ విషాదాన్ని ప్రేక్షకుడు చెవులతో విన్నాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

దీనికి ఒక కారణం సరిహద్దు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. అప్పటిదాకా ఎమ్మిగనూరు వాడికీ ఆదోని వాడికీ జిల్లా కేంద్రం బళ్ళారే. కోర్టు అక్కడే, నాటకమూ అక్కడే. గీత గీసిన తరువాత బళ్ళారి తెలుగు నాటకం తెలుగు వాళ్ళకు పొరుగు రాష్ట్రపు సంగతి, కన్నడిగులకు పొరుగు భాషా సంగతి అయింది. కోస్తా నాటకాల చరిత్రే తెలుగు నాటక చరిత్రగా చెలామణి కావడం తేలికయింది.

రెండో కారణం సరిహద్దు కంటే లోతైనది. వరుసను కాగితం మీద పెట్టే సాధనం లేక ఇవి పోయాయని కొందరంటారు. అది అబద్ధం. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. స్వరాలే కాదు, గమకాలకు గుర్తులు సైతం వేసి, తెలుగు లిపిలో అచ్చువేశారు. ధర్మవరం అప్పటికి బతికే ఉన్నాడు. అంటే తెలుగు అక్షరంతో పాటను అచ్చులో నిలబెట్టే విద్య ఆనాడే మన దగ్గర ఉంది. అది ముత్తుస్వామి దీక్షితుల కృతులకు దొరికింది, ఎంచేతనంటే వాటి వెనుక ఒక సంస్థానం నిలిచింది. టిక్కెట్టు కొని చూసే జనం పాటకు అట్లాంటి అండ ఎవరిచ్చారు? నాటకాలాడేవాడి పాట ఎవరూ రాసిపెట్టదగిన వస్తువు కాలేదు. పుస్తకం మీద గ్రంథకర్త పేరు ఉంది. పాటకు గొంతిచ్చిన వాడి పేరూ, హార్మోనియం మెట్ల మీద వరుస కట్టిన వాడి పేరూ లేవు. కొన్ని వరుసలు ధర్మవరం తానే కట్టుకున్నాడనుకున్నా, వాటిని ఊరూరా మోసినవాళ్ళు ఆయన లాంటి వకీళ్ళు కారు.

ఇంతకు ముందు కాలానిదీ ఇదే కథ. తంజావూరు విజయరాఘవ నాయకుని కాలపు యక్షగానాలు సరస్వతీ మహలు తాళపత్రాల్లో ఉన్నాయి. దరువుల పైన రాగతాళాల పేర్లున్నాయి, వరుస లేదు. త్యాగరాజు ‘నౌకా చరిత్రము’, ‘ప్రహ్లాద భక్తి విజయము’ కూడా పాటల నాటకాలే. వాటి పాటలు ఇవాళ కచేరీల్లో వినిపిస్తున్నాయంటే శిష్యులు వంశపారంపర్యంగా పాడుకుని రాసిపెట్టడం వల్లనే. కాగితం ఒక్కటే వరుసను బతికించలేదు. గొంతు మార్చి గొంతు నడవాలి.

షేక్స్‌పియరు నాటకాల విషయంలోనూ పరిస్థితి ఇదేనని తెలిసినప్పుడు నాకు కొంత ఓదార్పు కలిగింది. 1623లో అచ్చయిన ఆయన సంపుటంలో పాటల మాటలున్నాయి, స్వరాలు లేవు. ‘టెంపెస్ట్’ పాటల్లో రెండింటికి రాబర్ట్ జాన్సన్ కట్టిన వరుసలు జాన్ విల్సన్ 1660లో వేసిన పుస్తకం మూలంగా మిగిలాయి. ‘యాజ్ యూ లైక్ ఇట్’లోని ఒక పాటకు థామస్ మోర్లీ వరుస 1600లోనే అచ్చయింది, అది రంగస్థలం కోసం కట్టిందా, విడిగా కట్టిందా అన్నది అక్కడి పండితులు ఇప్పటికీ తేల్చుకోలేని తగువు. డెస్డిమోనా చనిపోయే ముందు పాడే పాట ఆ నాటకం కంటే పాతది. దాని వరుస ఒక రాతప్రతిలో దొరికింది. ఇక పిచ్చెత్తిన ఒఫీలియా పాడే పాటలున్నాయి. వాటిని డ్రూరీ లేన్ నాటకశాల నటీమణులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వస్తే, రంగం మీద వాళ్ళు పాడగా విన్న సంగీతజ్ఞులు ఆ తరువాత రాసుకున్నారు. షేక్స్‌పియరు పోయి అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్ళు. ఆ వరుసలు మొదటి ఒఫీలియా పాడినవేనని ఎవరూ ప్రమాణం చెయ్యరు. అయినా వాటిని పారెయ్యలేదు, పాడుకుంటున్నారు. మనకూ అట్లాంటి నటులుండాలి గదా అనిపించింది. ఉంటే ఎక్కడుంటారు? బళ్ళారి కోర్టు ఆవరణలో కాదు, జాతర నాటకాలాడిన ఊళ్ళల్లో.

ఎమ్మిగనూరు మాకు ముప్పై కిలోమీటర్ల లోపు. ఆ ఊరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేతగాళ్ళ సహకార సంఘం పెట్టాడు. దాని దుప్పట్లు, తువ్వాళ్ళు ఒకప్పుడు దేశమంతా పోయేవి. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. జాతరలంటే ఈ ప్రాంతంలో రాత్రి నాటకాలు కూడా. ఊరి కుర్రాళ్ళు వేషం కడతారు, బయటి నుంచి వచ్చిన హార్మోనియం మాస్టరు రెండు మూడు నెలలు ఉండి నేర్పుతాడు, ఖర్చు తలా ఇంత వేసుకుంటారు. అట్లా నేర్పిన మాస్టరు ఒకాయన ఉన్నాడని మా విద్యార్థి ఒకడు తీసుకుపోయాడు. ఎనభై దాటిన మనిషి. నేతపని మానేసి చాలా ఏళ్ళయిందట. ఇంట్లో మగ్గం గుంత పూడ్చేసి పైన బియ్యం బస్తాలు వేసి ఉన్నాయి. హార్మోనియం మాత్రం గోనెసంచి కప్పి పదిలంగా పెట్టుకున్నాడు.

“సారంగధర పాటలు వచ్చా తాతా?” అన్నాను.

“నేను ఆడించలేదు సారూ. మా నాయనకు వస్తాండె. నాయన పాడంగ విన్నవి రొన్ని ఉండాయి.”

“మీ నాయన ఎవరి దగ్గర నేర్చినాడు?”

“బళ్ళారి తిక్కు నుంచి ఒక మాస్టరు వస్తాండెనంట. జాతరకు మూడు నెల్ల ముందొచ్చి ఈడనే పడుంటాండె. తిండి ఊరోళ్ళది. మా నాయన పొద్దున మగ్గం, రాత్రి పాట.”

ఆయన వాళ్ళ నాయన రాసుకున్న నోటుపుస్తకం తెచ్చాడు. మాటలు తెలుగు, లిపి కన్నడం. ఈ సీమలో ఇది వింతేమీ కాదు. ఆదోని బజారులో ఒకే మనిషి ఒక గంటలో మూడు భాషలు మాట్లాడతాడు. పాటల పక్కన స్వరాలు లేవు. అక్కడక్కడ ఒక అక్షరం కింద రెండు గీతలు, ఇంకో అక్షరం పక్కన సున్న. గీతలంటే లాగాలట, సున్న అంటే తబలా ఆగాలట. ఈ గుర్తులు నేర్చినవాడికి జ్ఞాపకం చెయ్యడానికే. నేర్వనివాడికి నేర్పడానికి కాదు.

మేము ఆడదలచిన రంగంలోని పాట మొదటి సగం ఆయనకు వచ్చు. పాడాడు. మేము అప్పటికే దానికి ఒక వరుస పెట్టుకుని ఉన్నాం. మా విద్యార్థుల్లో ఒకడు సినిమా ధోరణిలో కట్టింది, హుషారైనది. తాత పాడింది దానికి సగం వేగం. “ఇదే మొదటి మట్టా?” అని అడగకుండా ఉండలేకపోయాను.

“పుట్టిన మట్టో, పెట్టిన మట్టో నాకేం తెలుసు సారూ. కన్నడ నాటకంలో ఒక పాట ఉండెనంట, దాని మింద కూర్చినారని నాయన చెప్తాండె. పాడ్తే కుదురుతాదా లేదా, అది సూడు.”

కుదురుతుందా లేదా అన్నదే ఇక్కడ నిజమైన పరీక్ష. ఆ రాత్రి పాటను ముక్కలు చేసి చూశాను. తాత వరుసలో తాళం దెబ్బ పడిన చోటల్లా ప్రాసాక్షరం దగ్గరగా నిలుస్తున్నది. పాదం విరిగే యతి దగ్గర ఆవర్తం రెండో సగం మొదలవుతున్నది. మా కుర్రవాడి వరుస ఒక మాటను నడిమికి విరిచి, వెనుక ముక్కను తరువాతి ఆవర్తంలోకి తోస్తున్నది. వినేవాడికి అర్థమే అందదు. దీన్ని బట్టి తాత పాడింది 1890ల నాటి వరుసేనని తీర్మానించడానికి వీల్లేదు. పాట కట్టినవాడి మనసులో ఇట్లాంటి నడకే ఉండి ఉంటుందని మాత్రం అనవచ్చు. ఛందస్సు చదివిన చదువు జీవితంలో ఒకసారి పనికొచ్చింది!

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. తాత పాట హార్మోనియం మీద పెరిగిన పాట. ఆ పెట్టెలో స్వరాలు మెట్ల మాదిరి విడివిడిగా ఉంటాయి, నడుమ జారుడుండదు. ఆ కారణం చెప్పే 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. ఆ నిషేధం మూడు దశాబ్దాల పాటు సాగింది. నిషేధంలో పండితగర్వం ఎంత ఉందో, నిజం కూడా కొంత ఉంది. బళ్ళారి వేదిక మీద పాడిన గొంతులో ఉండిన గమకం, ఎమ్మిగనూరు చేరేసరికి కొంత చదునైపోయి ఉంటుంది. ఇంకో కల్తీ కూడా ఉంది. 1920ల నుంచి కోస్తా నటుల పద్యాలూ పాటలూ గ్రామఫోను రికార్డులుగా వచ్చాయి. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఊరూరా మోగింది. రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు. పద్యం ఆ మూడు నిమిషాలకు సాగింది, రాగాలాపన పెరిగింది. మా సీమలో హార్మోనియం మాస్టర్లు వాటిని విని తమ పాత వరుసలు మార్చుకున్నారనే నా నమ్మకం. తాత నోట వచ్చిన వాటిలో ఒక పద్యం ఎత్తుగడ అచ్చంగా రికార్డు ఎత్తుగడే. “రికార్డు సూసి నేర్సినారా తాతా?” అంటే నవ్వాడు తప్ప కాదనలేదు.

ఇంతకూ వరుస ఎట్లా ఉంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మన సంఘంలోనే ఒక మిత్రుడు ఈ మాట అడిగాడు. పద్యనాటకం భూస్వామ్య సంస్కృతి శవం, దాని పాటల వెంట పడి తిరగడం అభ్యుదయ రచయిత పనేనా అన్నాడు. ధర్మవరానికి మేనల్లుడైన బళ్ళారి రాఘవే (1880–1946) పద్యాలు సాగదీయడాన్ని ఖండించాడు గదా అని కూడా అన్నాడు. మొదటి మాట ముక్కాలు నిజం. రెండోది పొరపాటు. రాఘవ ఏవగించుకున్నది నటన ఆపి పాడే పాటను, చచ్చిపడిన పాత్ర ‘వన్స్ మోర్’ కోసం లేచి మళ్ళీ పాడే దౌర్భాగ్యాన్ని. నటనగా మారిన పాటను ఆయన ఖండించిన దాఖలా మా మిత్రుడు చూపలేకపోయాడు. రాఘవను పాటకు శత్రువుగా నిలబెట్టడం మనకు సౌకర్యం, చరిత్రకు కాదు.

వరుస ఎందుకు ముఖ్యమో చిత్రాంగి చెబుతుంది. సారంగధర కథకు ప్రచారంలో ఉన్న రూపాల్లో ఒకదానిలో, ఆమెకు చూపించింది కొడుకు చిత్తరువు, తాళి కట్టింది ముసలి తండ్రి. ఈ మోసం ఎవరు చేశారు? రాజు, అతని మంత్రాంగం. శిక్ష ఎవరికి? కుర్రవాడికి కాళ్ళూ చేతులూ, ఆమెకు కామాంధురాలన్న పేరు. మా విద్యార్థి హుషారు వరుసలో పాడితే చిత్రాంగి సవతి కొడుకును వలలో వేసుకునే ఆడదిగానే కనబడుతుంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు ఈల వేస్తారు, నాటకం రాజు పక్షం చేరుతుంది. తాత వరుసలో అవే మాటలు పాడితే, మోసపోయిన ఒక పిల్ల తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. ఒక్క అక్షరం మారలేదు. తీర్పు మారింది. పాత వరుస కట్టినవాడు స్త్రీ పక్షపాతి అని నేననడం లేదు. అప్పుడా వేషం మగవాడే కట్టేవాడు. నేను చెప్పేది, వరుస తెలియకుండా ఆ నాటకం స్త్రీని ఎట్లా చూసిందో తేల్చడం కుదరదని. పుస్తకం ఒక్కటే చదివి మనం రాసిన విమర్శలు, నావి కూడా, ఆ మేరకు సగం విమర్శలు.

అట్లాగని పాతదాన్ని గాజుపెట్టెలో పెట్టి పూజించే వాళ్ళ పక్షం నేను లేను. వాళ్ళకు శుద్ధమైన తొలి వరుస కావాలి. తొలి వరుసే కన్నడం నుంచి వచ్చిందట, ఆ కన్నడం ఏ మరాఠీ నుంచి వచ్చిందో! శుద్ధి వెతికేవాడు ఈ రైలు దారిలో ఎక్కడ దిగుతాడు? ప్రజా నాట్యమండలి 1943 తరువాత బుర్రకథను, జానపదుల పాటలను చేపట్టి వాటికి కొత్త ప్రాణం పోసింది. పద్యనాటకాల వరుసలను మాత్రం జమీందారుల సొమ్ముగా భావించి చాలావరకు పక్కన పెట్టింది. కోస్తాలో ఆ భావనకు ఆధారం ఉండవచ్చు. ఇక్కడ వాటిని మోసింది నేతగాళ్ళు, జిన్నింగు మిల్లు హమాలీలు, నాలుగెకరాల మెట్ట రైతులు. వాళ్ళ చేతుల్లో ఉన్న సొమ్మును భూస్వామి ఖాతాలో రాసి మనమే వదిలేసుకున్నాం.

నాటకం ఆడాం. గొప్పగా కుదిరిందని చెప్పలేను. తాత వేదిక ముందు హార్మోనియంతో కూర్చున్నాడు. పాట మొదలైన నిమిషానికి వెనుక బెంచీల నుంచి కేకలు వచ్చాయి, నెమ్మది పాట వాళ్ళకు అలవాటు లేదు. ఆ అమ్మాయి తడబడలేదు. రెండో చరణం తాతకు రాదు గనుక, మొదటి చరణం నడక మీద మేమే కూర్చుకున్నాం; ఆ సంగతి ముందుగా ప్రకటించాం కూడా. చిత్రంగా, ఆ కూర్చిన చరణం దగ్గరే సభ నిశ్శబ్దమయింది. కరపత్రం మీద ‘రచన’ కింద ‘వరుస’ అని వేసి, తాత నాయన పేరు పెట్టమన్నాను. ప్రెస్సు అతను “ఆయన కవా సార్?” అని అడిగాడు. తాత ఆ కరపత్రాలు పది అడిగి తీసుకుపోయాడు.

నోటుపుస్తకం పుటలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాం. తాత గొంతులో పదకొండు పాటలు రికార్డు చేశాం. మూడింటికి మాత్రమే చివరిదాకా వచ్చు. ఒక పాట పక్కన వాళ్ళ నాయన కన్నడ నాటకం పాట పేరు రాసుకున్నాడు. సిరుగుప్ప వైపు దాన్ని ఆడించిన కుటుంబం ఒకటి ఉందని తాత అంటున్నాడు. దసరా సెలవుల్లో పోవాలి. కన్నడం చదవగలిగిన విద్యార్థి ఒకడు తోడు వస్తానన్నాడు.